స్కిళ్ల పద్ధతిని మార్చేటప్పుడు ఆటగాళ్ల పాత శ్రమను ఏం చేయాలి?

నక్షత్రయాత్రి:
చిన్న బృందంగా మేము తయారుచేస్తున్న ఆన్‌లైన్ ఆటలో స్కిళ్ల పెంపు పద్ధతిని మొదటినుంచి తిరగరాయవలసి వచ్చింది. పరీక్ష దశలో ఆడుతున్నవారు ఇప్పటికే పాయింట్లు ఖర్చుపెట్టి ఉన్నారు కాబట్టి, పాత పద్ధతి పోతే వారి శ్రమ ఏమవుతుందన్నదే నన్ను వేధిస్తున్న ప్రశ్న. నాకు బాగా తెలిసిన ఉదాహరణ అంతరిక్ష ఓడలు నడిపే ఈవ్ ఆన్‌లైన్ ఆట. అందులో స్కిల్‌ను నేర్చుకోవడానికి పెట్టి వదిలేస్తే, మనం ఆడినా ఆడకపోయినా అది కాలంతోపాటు పెరుగుతుంది. అన్నిటికంటే తేలికైన స్కిల్‌కు మొదటి లెవెల్‌లో 250 పాయింట్లు చాలితే, నాలుగో లెవెల్‌కు మొత్తం 45,255, ఐదో లెవెల్‌కు 2,56,000 కావాలి. 2010 డిసెంబరు వరకు అక్కడ ‘లెర్నింగ్’ స్కిళ్లని ఒక వర్గం ఉండేది. వాటివల్ల ఓడ వేగం గానీ ఆయుధాల బలం గానీ పెరగదు, మిగతా స్కిళ్లు త్వరగా వస్తాయంతే. అయినా లెక్క తెలిసినవారు కొత్తవారిని ముందుగా వాటినే పూర్తిచేయమనేవారు. ఎంతో ఆశతో వచ్చిన మనిషి మొదటి వారాలన్నీ నిరీక్షణలోనే గడపవలసి వచ్చేది. ఆ వర్గాన్ని తీసివేసినప్పుడు నేర్చుకునే వేగాన్ని నిర్ణయించే గుణాలను అందరికీ పెంచి, ఖర్చయిన పాయింట్లను నచ్చిన చోట వాడుకునేలా తిరిగి ఇచ్చారు. ఇంత న్యాయంగా జరిగిన మార్పు నాకు మరొకటి తెలియదు. మీ అనుభవాలు కూడా పంచుకోగలరు.

పాతకత్తి:
నేను వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ గురించి చెబుతాను. 2004లో ఆట మొదలైనప్పుడు పదో లెవెల్ నుంచి లెవెల్‌కు ఒక టాలెంట్ పాయింట్ చొప్పున, అరవైకి చేరేసరికి 51 వచ్చేవి. వాటిని పెట్టుకునే ‘టాలెంట్ చెట్ల’లో, అంటే కొమ్మలుగా అమర్చిన సామర్థ్యాల పట్టికల్లో, చాలావరకు ఒక శాతమో రెండు శాతాలో పెంచేవే కావడంతో, ఎవరో లెక్కకట్టిన బిల్డ్‌నే (పాయింట్లు ఎక్కడెక్కడ పెట్టాలన్న అమరికనే) అందరూ వాడేవారు. 2012లో ఆ చెట్లను తీసివేసి, పదిహేను లెవెళ్లకొకసారి మూడింటిలో ఒకదాన్ని ఎంచుకునే పద్ధతి తెచ్చారు. ఎంపికలకు బరువు వచ్చిన మాట నిజమే గానీ, మధ్యలోని లెవెళ్లు వెలితిగా అనిపించేవి. చిన్న పాయింటైనా మన చేతితో పెట్టుకోవడంలో ఒక తృప్తి ఉంటుందని నాకు అప్పుడే అర్థమైంది. 2022లో చెట్లు తిరిగి వచ్చాయి, ఈసారి పోరాటంలో లేనప్పుడు ఖర్చు లేకుండా మార్చుకునే వీలుతో. మొదట్లో పెట్టిన పాయింట్లను వెనక్కి తీసుకునే రీసెట్ ధర ఒక బంగారు నాణెంతో మొదలై యాభై దాకా పెరిగేది. ప్రయోగాలు చేయనివ్వకుండా ఆపింది ఆ ధరేనని నా నమ్మకం.

గిల్డ్‌వైద్యుడు:
పాతకత్తి గారూ, ఇక్కడ మీతో పూర్తిగా ఏకీభవించలేను. 2009లో వెయ్యి బంగారు నాణేలు చెల్లించి రెండో బిల్డ్‌ను దాచుకునే సౌకర్యం వచ్చేవరకు, మా గిల్డ్‌లో, అంటే కలిసి ఆడే బృందంలో, ఫలానావారు వైద్యం చేస్తారని, ఫలానావారు ముందు నిలబడి దెబ్బలు కాస్తారని ఒక గుర్తింపు ఉండేది. మార్పు పూర్తిగా ఉచితమైతే ఆ గుర్తింపు పలచబడుతుంది. స్వల్పమైన ధర ఉండటమే మంచిదని నా అభిప్రాయం.

తూకంరాయి:
పాయింట్లు తిరిగి ఇచ్చినంత మాత్రాన తీరని నష్టమూ ఒకటి ఉంది. స్టార్ వార్స్ గెలాక్సీస్ అనే ఆన్‌లైన్ ఆటలో 2005 నవంబరులో ముప్పైకి పైగా ఉన్న వృత్తులను తొమ్మిదికి కుదించి, అంతవరకు ఎంతో కష్టపడితే గానీ దక్కని జెడాయ్ (ఆ సినిమాల్లోని అద్భుతశక్తుల యోధుడి) వృత్తిని మొదటి రోజే ఎవరైనా ఎంచుకునేలా చేశారు. అక్కడ పాతవారు పోగొట్టుకున్నది అరుదైనదాన్ని సాధించిన గౌరవం. దానికి ఏ పాయింట్లతో వెల కడతారు? మీరు ఉదహరించిన ఈవ్‌లోనే 2016లో స్కిల్ పాయింట్లను ఒకరినుంచి తీసి మరొకరికి అమ్మే పద్ధతి వచ్చింది. అలా తీసిన ఐదు లక్షల పాయింట్లను నింపిన ‘ఇంజెక్టర్’ అనే వస్తువు యాభై లక్షల పాయింట్లలోపు ఉన్నవారికి పూర్తిగా పనిచేస్తుంది, ఎనిమిది కోట్లు దాటినవారికి లక్షన్నరే ఇస్తుంది. కొత్తవారు అందుకోవడానికి ఆ తగ్గింపు మంచి ఏర్పాటే, కానీ కాలంతోనే వచ్చేదాన్ని డబ్బుతో కొనగలగడం నాకు రుచించలేదు.

నక్షత్రయాత్రి:
తూకంరాయి గారూ, గౌరవం మాట నాకు తట్టనే లేదు. పాయింట్లన్నీ తిరిగి ఇచ్చి, ప్రతి పెద్ద ప్యాచ్ (ఆటలో మార్పులు తెచ్చే విడుదల) తరువాత ఒక రీసెట్ ఉచితంగా, మిగతావి స్వల్పమైన ధరకు ఉంచుదామని మా బృందానికి చెబుతాను. పాత పద్ధతిలో చివరి లెవెల్ చేరినవారికి ఆ సంగతి పాత్ర పేరు పక్కన శాశ్వతంగా కనిపించేలా చేస్తే సరిపోతుందా, లేక కొత్తవారికి అది దూరం పెట్టినట్లు అనిపిస్తుందా?