పాత రౌటర్‌కి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ: వెయ్యాలా, వదిలెయ్యాలా?

పాతరౌటర్: అందరికీ నమస్కారం. నా వైఫై రౌటర్‌కి కంపెనీ ఇచ్చిన చివరి అప్‌డేట్ 2016 నాటిది. పనిచెయ్యడం మాత్రం గుండ్రాయిలా పనిచేస్తోంది, పారెయ్యడానికి మనసు రావట్లేదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (కంపెనీ ఫర్మ్‌వేర్, అంటే రౌటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, బదులు వేసుకునే ఉచిత లినక్స్) వేస్తే మళ్లీ ప్రాణం వస్తుందని ఒకరన్నారు, ఉన్న ప్రాణం కూడా పోతుందని ఇంకొకరన్నారు. ఎవరి మాట వినాలి?

తీగలమనిషి: వేసెయ్యండి. లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్‌లో లినక్స్ ఉందని జనం కనిపెట్టి అడిగితే, జీపీఎల్ (లినక్స్ లైసెన్సు) ప్రకారం 2003లో సోర్స్ కోడ్ బయటపెట్టక తప్పలేదు. దాని మీదే 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మొదలైంది. పేరులో ఆ మూడక్షరాలు అక్కడివే. నా పాతదానికి వేసి ఎస్‌క్యూఎమ్ (ఒకే పని లైనంతా ఆక్రమించకుండా ట్రాఫిక్‌ని వరసలో పెట్టేది) ఆన్ చేశాను. ఇంట్లో ఎవరైనా పెద్ద ఫైలు అప్‌లోడ్ చేస్తే వీడియో కాల్‌లో నా గొంతు ముక్కలు ముక్కలుగా వెళ్లేది. ఇప్పుడా గొడవే లేదు.

జాగ్రత్తరావు: మీ లైన్ స్పీడు తక్కువ కాబట్టి సరిపోయింది. చాలా రౌటర్లలో కంపెనీ ఫర్మ్‌వేర్ ప్యాకెట్లను ప్రాసెసర్ దాకా రానివ్వకుండా హార్డ్‌వేర్‌లోనే దాటించేస్తుంది. ఓపెన్ ఫర్మ్‌వేర్‌లో పాత మోడళ్లకి ఆ అడ్డదారి చాలావరకు ఉండదు. ఎస్‌క్యూఎమ్ కూడా పెడితే పాపం ఆ చిన్న ప్రాసెసర్ చేతులెత్తేస్తుంది. ఇక లోపల బ్రాడ్‌కామ్ వైఫై చిప్ ఉంటే ఓపెన్ డ్రైవర్ల మీద ఆశ వదులుకోండి. అథెరోస్ కంపెనీ చిప్ అయితే నేనూ సరే అంటాను.

ఇటుకబాధితుడు: ముందు రౌటర్ తిరగేసి స్టిక్కర్ చూడండి. మోడల్ పేరు ఒకటే అయినా వెర్షన్ 2, వెర్షన్ 3లలో లోపలి చిప్పులే వేరుగా ఉండొచ్చు. నేను పేరు మాత్రమే చూసి ఫైలు ఎక్కించాను. పవర్ లైటు వెలగడం, ఆరడం, మళ్లీ వెలగడం, అంతే. రీసెట్ నొక్కి పట్టుకుని టీఎఫ్‌టీపీతో (కేబుల్ మీదుగా ఫైలు పంపే పద్ధతి) ఎన్నిసార్లు ప్రయత్నించినా పలకలేదు. చివరికి మూత విప్పి, బోర్డుకి కంప్యూటర్ నుంచి నేరుగా సీరియల్ వైర్లు పెట్టి బతికించాను. మూడే వైర్లు: గ్రౌండ్, ఆర్‌ఎక్స్ (డేటా తీసుకునేది), టీఎక్స్ (డేటా పంపేది). అడాప్టర్ 3.3 వోల్టులదే ఉండాలి, దాని పవర్ వైరు అసలు తగిలించకూడదు. ఈ పని మీకు సరదాగా అనిపిస్తేనే దిగండి.

పాతరౌటర్: స్టిక్కర్ చూసి వెతికాను. అథెరోస్ చిప్పే. ఫ్లాష్ (ఫర్మ్‌వేర్ ఉండే చోటు) 4 ఎంబీ, ర్యామ్ 32 ఎంబీ.

జాగ్రత్తరావు: అయితే కథ అయిపోయినట్టే. అంత చిన్నవాటికి అధికారికంగా వచ్చిన ఆఖరి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ సిరీస్ 19.07. దానికి 2022లో అప్‌డేట్లు ఆగిపోయాయి. ఒక పాతది తీసి ఇంకో పాతది వేసుకోవడానికా ఇంత టెన్షన్?

తీగలమనిషి: 2016 కన్నా 2022 ఆరేళ్లు కొత్తది కదండీ! 2017లో బయటపడ్డ క్రాక్ లోపం సంగతేంటి? వైఫైకి తాళం వేసే డబ్ల్యూపీఏ2 భద్రత మొత్తాన్నీ కుదిపేసింది. ఆయన రౌటర్‌లో అది ఇంకా తెరిచే ఉన్నట్టు.

జాగ్రత్తరావు: క్రాక్ ముఖ్యంగా కనెక్ట్ అయ్యే పరికరం వైపు లోపం, అంటే ఫోన్, ల్యాప్‌టాప్. రౌటర్ తానే ఇంకో వైఫైకి కనెక్ట్ అవుతుంటే, అంటే రిపీటర్‌గా ఉంటే, లేదా 802.11ఆర్ రోమింగ్ (ఫోన్ ఒక వైఫై పాయింట్ నుంచి ఇంకోదానికి త్వరగా మారే పద్ధతి) ఉంటే తప్ప దాన్ని ఇక్కడికి లాక్కురావడం అన్యాయం.

పాతరౌటర్: ముందే చెప్పాల్సింది, క్షమించండి. మెయిన్ రౌటర్ వేరే ఉంది. దీన్ని రిపీటర్‌గానే వాడుతున్నాను.

తీగలమనిషి: 😄 జాగ్రత్తరావు గారూ?

జాగ్రత్తరావు: సరే, ఒప్పుకుంటున్నాను. కానీ రిపీటర్‌కి కావాల్సిన అదనపు ప్యాకేజీకి ఆ 4 ఎంబీలో చోటు దొరకడం కష్టం. అనవసరమైనవి పీకేసి ఇమేజ్ (ఎక్కించే ఫర్మ్‌వేర్ ఫైలు) మీరే తయారు చేసుకోవాలి. దానికన్నా మెయిన్ రౌటర్ నుంచి ఒక కేబుల్ లాగి దీన్ని యాక్సెస్ పాయింట్‌గా, అంటే కేబుల్‌లో వచ్చిన నెట్‌ని వైఫైగా పంచేదిగా, పెట్టండి. క్రాక్ గొడవ పోతుంది, స్పీడు కూడా పెరుగుతుంది. కంపెనీ ఫర్మ్‌వేర్‌తోనే అయిపోయే పని.

తీగలమనిషి: కేబుల్ వరకు నిజమే. కానీ 2016 నాటి సెట్టింగుల పేజీలో ఇంకెన్ని బొక్కలున్నాయో! ఇంట్లో ఒక్క ల్యాప్‌టాప్‌కి వైరస్ పడితే చాలు, అది లోపలి నుంచే తలుపు కొడుతుంది. కేబుల్ లాగండి, 19.07 కూడా వెయ్యండి.

పాతరౌటర్: కేబుల్ ఖాయం. ఫర్మ్‌వేర్ కూడా ఈ ఆదివారం మార్చి చూస్తాను, పోతే పోయిందనుకుంటాను. వెర్షన్ సరిచూసుకున్నాను, కంపెనీ ఫైలు కూడా దించి పక్కన పెట్టుకున్నాను.

ఇటుకబాధితుడు: వైఫై మీద ఫ్లాష్ చెయ్యకండి (ఫర్మ్‌వేర్ ఎక్కించకండి), లాన్ కేబుల్‌తోనే చెయ్యండి. దించిన ఫైలు చెక్‌సమ్ (ఫైలు పాడవకుండా వచ్చిందని చెప్పే సంఖ్య) సరిపోయిందో లేదో చూసుకోండి. కంపెనీ ఫర్మ్‌వేర్ మీద నుంచి వేస్తున్నారు కాబట్టి ఫ్యాక్టరీ అని ఉన్న ఇమేజ్ కావాలి, సిస్‌అప్‌గ్రేడ్ (ఇప్పటికే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఉన్నవాటికి) కాదు. అయ్యాక మీ వైఫై పేరు కనిపించదు, కంగారుపడి పవర్ పీకెయ్యకండి. వైఫై మొదట ఆఫ్‌లోనే ఉంటుంది. బ్రౌజర్‌లో 192.168.1.1కి వెళ్లండి. యూజర్ రూట్, పాస్‌వర్డ్ ఉండదు, ముందు అది పెట్టండి. మెయిన్ రౌటర్‌ది కూడా అదే అడ్రస్ అయితే దాని కేబుల్ అప్పుడే గుచ్చకండి.