బాధే లేనప్పుడు సుఖవ్యాధుల టెస్టు ఎందుకు? (రుషికొండ ఆఫీసు గొడవ)

రుషికొండ హిల్:
వచ్చే నెల మా ఆఫీసులో హెల్త్ క్యాంపు. షుగర్, థైరాయిడ్‌తో పాటు 25 ఏళ్లలోపు వాళ్లకి క్లమీడియా, గనేరియా టెస్టు కూడా పెడదామని డాక్టరమ్మ అన్నారట. మధ్యాహ్నానికల్లా వాట్సాప్ గ్రూపు భగ్గుమంది. ఒంట్లో ఏ బాధా లేనివాళ్లకి ఇది అవసరమంటారా?

అక్కయ్యపాలెం ల్యాబ్:
అవసరమే. క్లమీడియా సోకిన ఆడవాళ్లలో ఎక్కువమందికి మంట ఉండదు, తెల్లబట్టా ఉండదు. కొందరికి లోపల ట్యూబులు పాడైపోతాయి. పెళ్లయ్యాక పిల్లలు పుట్టట్లేదని ఆస్పత్రుల చుట్టూ తిరిగేటప్పుడు గానీ ఆ సంగతి బయటపడదు. ముందే తెలిస్తే ఏడు రోజుల డాక్సీసైక్లిన్ (యాంటీబయాటిక్) మాత్రలతో పోయేది! యూరిన్ ఇస్తే చాలు, పీసీఆర్ టెస్టులో తేలిపోతుంది. సుఖవ్యాధుల కోసం సర్కారు పెట్టిన సురక్ష క్లినిక్కుల్లో లక్షణాన్ని బట్టి రంగురంగుల మందుల కిట్లు ఇస్తారు. బాధ లేనివాళ్లు ఆ గడప ఎందుకు తొక్కుతారు?

గాజువాక పెద్దాయన:
ఆ యూరిన్ డబ్బా మీద పేరుంటుంది కదమ్మా. ఆ పేరు హెచ్‌ఆర్‌కి, అక్కణ్నుంచి పెళ్లిసంబంధాల వాళ్లకి చేరడానికి ఎంతసేపు? మా వీధిలో ఒకమ్మాయి నెలసరి నొప్పికి గైనకాలజిస్టు దగ్గరికి వెళ్తేనే ఏవేవో అన్నారు. హెచ్‌ఐవీ అయితే 2017 చట్టం ఉంది, ఉద్యోగం ఇవ్వడానికి ఆ టెస్టు అడగకూడదు. క్లమీడియాకి ఆ చట్టం అడ్డు రాదు.

లెక్కల మాస్టారు:
పరువు సంగతి పక్కన పెట్టి ఓ లెక్క వేద్దాం, ఊరికే ఉదాహరణకి. పదివేల మందిలో వంద మందికి జబ్బుంది, టెస్టు 95 మందిని పట్టుకుంది అనుకోండి. జబ్బు లేని 9,900 మందిలో నూటికి ఒక్కరికే తప్పుగా పాజిటివ్ వచ్చినా 99 మంది! పాజిటివ్ కాగితం అందుకున్నవాళ్లలో సగానికి పైగా ఏ జబ్బూ లేనివాళ్లే. వాళ్లలో కొత్తగా పెళ్లయినవాళ్లుంటే ఆ ఇంట్లో రాత్రికి ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

అక్కయ్యపాలెం ల్యాబ్:
అందుకే అందరికీ చేయమనట్లేదు మాస్టారూ. ఎవరికి ఏ టెస్టు చేయాలో సూచించే నిపుణుల బృందం, అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్, 2021లో చెప్పింది కూడా శారీరక సంబంధాలున్న 24 ఏళ్ల వరకు వయసు ఆడవాళ్ల గురించి, ఆ పైన రిస్కు ఉన్నవాళ్ల గురించే. అనుమానం ఉంటే రెండోసారి చేయించుకోవచ్చు.

ఎంవీపీ అక్క:
ఆడవాళ్లకేనా? గాల్లోంచి ఊడిపడిందా అది?

అక్కయ్యపాలెం ల్యాబ్:
మగవాళ్ల విషయంలో ఎటూ తేల్చడానికి ఆధారాలు చాలవని వాళ్లే రాశారు అక్కా. ఇంగ్లండ్ కూడా అదే ఏడాది తన క్లమీడియా కార్యక్రమాన్ని అమ్మాయిల వైపే తిప్పింది. గర్భసంచికి, ట్యూబులకి జరిగే నష్టం వాళ్లకే కదా.

ఎంవీపీ అక్క:
అమ్మాయి ఒక్కదానికే మాత్రలిచ్చి పంపితే మళ్లీ వాడి దగ్గర్నుంచే అంటుకుంటుంది. ఇద్దరూ మింగాలి. వాడికి చెప్పేదెవరు, ఆ పిల్లేనా?

రుషికొండ హిల్:
క్యాంపులో వద్దు, కూపన్లు ఇచ్చేస్తే ఇష్టమున్నవాళ్లు బయట ల్యాబుకి వెళ్తారు అని డాక్టరమ్మతో అని చూస్తా.

గాజువాక పెద్దాయన:
కూపన్ నంబర్లు రాసిపెట్టుకునేది ఎవరు బాబూ?