కలం స్నేహం ఉత్తరాలకు ముఖపత్రం: 40 మంది పిల్లలతో ఎలా చేయించాలి?

ఎనిమిదో తరగతి టీచర్:
రాష్ట్రాలను జతలుగా కలిపే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్‌లో తెలంగాణకు జోడీ రాష్ట్రం హర్యానా. అక్కడి ఒక బడికి మా పిల్లలు 40 మంది హిందీలో ఉత్తరాలు రాస్తున్నారు, ఒక్కొక్కరిదీ ఒక ఏ4 కాగితం. ఇంకో ఏ4 షీటును మధ్యకు మడిచి ముఖపత్రంగా వేద్దామనుకుంటున్నాం. చుట్టూ ముగ్గు అంచు, మధ్యలో బొమ్మ, కింద పేరు. ఇద్దరితో నమూనా చేయిస్తే స్కెచ్ పెన్ను రంగు వెనక్కి దిగింది, అంచు మూలల దగ్గర కలవలేదు, మడత దగ్గర కాగితం చిట్లింది. రెండు పీరియడ్లలో అయిపోవాలి. సాయం చేయండి.

చుక్కలముగ్గు:
మేడమ్, మూలలు కలవకపోవడానికి కారణం చుక్కల లెక్క. మడిచిన ఏ4 వెడల్పు 148 మి.మీ., ఎత్తు 210 మి.మీ. పిల్లలు ఒక మూల నుంచి మొదలుపెట్టి సెంటీమీటరుకో చుక్క పెట్టుకుంటూ పోతే రెండో మూలలో సగం ముక్క మిగులుతుంది.

చుక్కల మధ్య 15 మి.మీ. దూరం పెట్టించండి. అడ్డంగా 9 చుక్కలు, అంటే 8 సందులు, 120 మి.మీ. నిలువుగా 13 చుక్కలు, 12 సందులు, 180 మి.మీ. పక్కలకు 14, పైనా కిందా 15 మి.మీ. అంచు వదిలితే చాలు. రెండూ బేసి సంఖ్యలు కావడమే ఇక్కడ కీలకం. ఒక పెద్ద పువ్వు, ఒక చిన్న పువ్వు మార్చి మార్చి వేస్తే నాలుగు మూలల్లోనూ పెద్ద పువ్వే వస్తుంది. సరి సంఖ్య పెడితే ఒక మూలలో పెద్దది, పక్క మూలలో చిన్నది పడుతుంది. చుట్టూ కలిపి 40 చుక్కలు.

పెద్ద పువ్వు తంగేడు: అయిదు రేకులు, పసుపు. చిన్నది గునుగు: తెల్లటి కంకి, కొసన కాస్త గులాబీ. అందరూ చుక్కలు కొలుస్తూ కూర్చుంటే ఒక పీరియడ్ దానికే పోతుంది. మీరు ఒక షీటు మీద చుక్కలు పెట్టి, దళసరి కాగితం మీదే 40 జిరాక్సులు తీయించండి.

కాగితంపని:
రంగు దిగడానికి కారణం కాగితం. మామూలు జిరాక్సు కాగితం 70-80 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో). ముఖపత్రానికి 120 తీసుకోండి. దాని మీద కూడా స్కెచ్ పెన్ను గీతలకే వాడాలి. ఒకే చోట మళ్లీ మళ్లీ రుద్దితే కాగితం నూగు లేస్తుంది. నింపడానికి రంగు పెన్సిళ్లు మేలు. ఆయిల్ పాస్టెల్ వద్దు, ఎదురు పేజీకి అంటుకుంటుంది. మెరుపుల పొడి అసలే వద్దు, దారిలో రాలి ఉత్తరాలన్నిటికీ పూసుకుంటుంది. ఏదైనా అతికించాలంటే గ్లూ స్టిక్ వాడండి. నీళ్ల జిగురుకు కాగితం ఉబ్బి అలలు తేలుతుంది.

ఇక మడత. కాగితంలో నారలు ఒక దిశలో పడి ఉంటాయి, వాటికి అడ్డంగా మడిస్తే చిట్లుతుంది. షీటును మడత పడనివ్వకుండా రెండు దిశల్లోనూ మెల్లగా వంచి చూడండి. తేలిగ్గా వంగిన దిశే మడత దిశ. జిరాక్సుకు ముందే ఇది చూసుకోవాలి. తర్వాత స్కేలు పెట్టి, సిరా అయిపోయిన బాల్ పెన్నుతో గాడి గీసి, అప్పుడు మడవాలి. రంగు వేశాక మడిస్తే మడత మీది రంగు రాలుతుంది కాబట్టి మడత ముందు, రంగు తర్వాత.

రంగులపెట్టె:
మధ్య బొమ్మ గురించి నా మాట: చార్మినార్ ఒక్కటే 40 మందీ వేస్తే అక్కడి పిల్లలకు తిరిగి రాయడానికి ఏముంటుంది? జమ్మి కొమ్మ వేయించండి. అది తెలంగాణ రాష్ట్ర వృక్షం, హర్యానాలోనూ పెరుగుతుంది, అక్కడ జాంటీ అంటారు. దసరా నాడు ఆ ఆకును బంగారం అని పెద్దల చేతిలో పెడతామని ఉత్తరంలో ఒక్క వాక్యం ఉంటే అవతలి పిల్లలకు అడగడానికి విషయం దొరుకుతుంది. గీయడమూ సులువే: 6 సెం.మీ. ఈనె, దానికి రెండు వైపులా బియ్యపు గింజంత ఆకులు ఎనిమిది జతలు.

పాలపిట్ట వేసేవాళ్లు రెక్కలు విప్పి ఎగురుతున్నట్టు వేయాలి. వాలి ఉన్నప్పుడు గోధుమ రంగే ఎక్కువ, నీలం అందం రెక్క విప్పితేనే కనిపిస్తుంది.

పేరు తెలుగులో పెద్దగా, దాని కింద దేవనాగరిలో చిన్నగా. తెలుగుకు 20 మి.మీ. పట్టీ గీసి మూడు భాగాలు చేయించండి: పైన 5 గుడికి, మధ్యన 10 అక్షరానికి, కింద 5 ఒత్తుకు. ఈ గీతలు లేకపోతే 'లక్ష్మి'లో ఒత్తులు కింది హిందీ పేరు మీద పడతాయి.

తపాలాపెట్టె:
బరువు చూసుకోండి. 120 జీఎస్ఎం ఏ4 షీటు 7.5 గ్రాములు, 80 జీఎస్ఎం ఉత్తరం 5 గ్రాములు. 40 మందివి కలిపి 500 గ్రాములు. విడివిడి కవర్లు వద్దు, అన్నీ బల్లపరుపుగా పేర్చి, కిందా పైనా అట్టముక్క పెట్టి ఒకే కట్టగా స్పీడ్ పోస్టులో పంపండి. అప్పుడు ముఖపత్రం మీద రెండో మడత కూడా పడదు.

పత్రం మీద పేరు, తరగతి, బడి చిరునామా చాలు. ఇంటి చిరునామా, ఫోన్ నంబరు, ఫొటో పెట్టనివ్వకండి.

ఎనిమిదో తరగతి టీచర్:
ధన్యవాదాలండీ. ఒక సందేహం: ఉత్తరాన్ని లోపల పిన్ను కొట్టాలా?

కాగితంపని:
వద్దు మేడమ్, కట్టలో పిన్ను ఒత్తుకుని పక్క బొమ్మ మీద గుంట పడుతుంది. మడత మీద 5 సెం.మీ. దూరంలో రెండు రంధ్రాలు చేసి, ఉత్తరాన్నీ మధ్యకు మడిచి లోపల పెట్టి, దారంతో కట్టించండి. ముడి లోపలి వైపు ఉండాలి.