శాశ్వత లైసెన్సుతో కొన్న ప్రోగ్రామ్: యాక్టివేషన్ సర్వర్ మూతపడ్డాక దారేది?

ప్రశ్న

పన్నెండేళ్ళ క్రితం శాశ్వత లైసెన్సుతో ఒక డ్రాయింగ్ ప్రోగ్రామ్ కొన్నాను. డిస్కు, పెట్టె లోపలి అట్టపై అంటించిన సీరియల్ నంబరు ఇప్పటికీ నా దగ్గర భద్రంగానే ఉన్నాయి. పోయిన నెల పాత కంప్యూటర్ మదర్‌బోర్డు పోవడంతో కొత్తదానిలో ఇన్‌స్టాల్ చేయబోతే, సీరియల్ నంబరు ఇచ్చాక, దాన్ని ఇంటర్నెట్ ద్వారా సరిచూసి ప్రోగ్రామ్‌ను తెరవనిచ్చే కంపెనీ యాక్టివేషన్ సర్వర్ అందుబాటులో లేదన్న సందేశం దగ్గరే ఆగిపోతోంది. ఆ సర్వర్‌ను మూసేశామనీ, చందా కట్టి కొత్త వెర్షన్ తీసుకోవాలనీ కంపెనీవారు జవాబిచ్చారు. నా పదేళ్ళ పని మరే ప్రోగ్రామూ తెరవలేని ఫార్మాట్‌లో ఉంది. క్రాక్ (లైసెన్సు తనిఖీని దొంగతనంగా తీసేసిన ప్రతి) జోలికి పోకుండా దాన్ని దక్కించుకునే మార్గం ఉంటే దయచేసి చెప్పండి.

మొదటి సమాధానం

పోయింది మదర్‌బోర్డే అయితే హార్డ్ డిస్కు బాగానే ఉండవచ్చు. దాన్ని మళ్ళీ ఫార్మాట్ చేయకుండా, ముందుగా మొత్తం డిస్కుకు ఇమేజ్ (ఉన్నదున్నట్టు నకలు) తీసి, ఆ ఇమేజ్‌ను వర్చువల్ మెషీన్‌లో, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్‌లో, నడిపి చూడండి. ఇలాంటి ప్రోగ్రాములు చాలావరకు నెట్‌వర్క్ కార్డుకు ఉండే మ్యాక్ అడ్రసు అనే గుర్తింపు సంఖ్య, డిస్కును ఫార్మాట్ చేసినప్పుడు దానికి పడే వాల్యూమ్ సీరియల్ వంటి గుర్తులను కలిపి కంప్యూటర్‌ను పోల్చుకుంటాయి. వాల్యూమ్ సీరియల్ ఇమేజ్‌తోపాటే వస్తుంది, మ్యాక్ అడ్రసును మాత్రం వర్చువల్ మెషీన్ సెట్టింగులలో పాతదే ఇవ్వాలి. లైసెన్సు షరతులను కూడా ఒకసారి చదువుకోండి.

కంపెనీకి మళ్ళీ రాయండి, ఈసారి అడోబీ ఉదాహరణ చూపండి. తన పాత ప్రోగ్రాముల కట్ట క్రియేటివ్ సూట్ 2 యాక్టివేషన్ సర్వర్‌ను ఆపేశాక ఆ సంస్థ 2013 జనవరిలో, యాక్టివేషన్ అక్కరలేని ప్రతులను సీరియల్ నంబర్లతో సహా తన సైట్‌లో ఉంచింది. మూసేముందు ఒక చివరి అప్‌డేట్‌తో తాళం తీసివేయడం తయారీదారుకు పెద్ద పని కాదు. శాశ్వతం అన్న మాట వాడి అమ్మినవారికి ఆ బాధ్యత ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

రెండవ సమాధానం

ఇది సర్వర్లతో మొదలైన బాధ కాదు. 1980లలో ఫ్లాపీ మీద కావాలనే చెడ్డ సెక్టార్లు (చదవరాని భాగాలు) పెట్టి కాపీని ఆపేవారు. ఆ ఫ్లాపీ అరిగిపోతే, బ్యాకప్ తీసుకోలేకపోయిన కొనుగోలుదారే నష్టపోయేవాడు. ఆ తరువాత వచ్చిన ప్యారలల్ పోర్టు డాంగిల్ (ప్రింటర్ పోర్టుకు తగిలించే, అది లేకుండా ప్రోగ్రామ్ నడవని చిన్న పరికరం) నేను ఏళ్ళ తరబడి వాడాను. పిన్ను ఒకటి వంగిన రోజున ప్రోగ్రామ్ తెరుచుకోలేదు. అమెరికాలో కాపీ రక్షణను దాటడాన్ని 1998 చట్టం నిషేధించినా, చెడిపోయి వాడుకలో లేకుండా పోయిన డాంగిల్ ఉన్న ప్రోగ్రాములకు 2003లో మినహాయింపు ఇచ్చారు. డిస్కులోని ఆటల సంగతీ అంతే: భద్రతా లోపాల కారణంగా, ఆటల డిస్కులను కాపీ కాకుండా కాపాడే సేఫ్‌డిస్క్ డ్రైవర్‌ను విండోస్ 10 పక్కన పెట్టడంతో ఎన్నో అసలు డిస్కులు పనికిరాకుండా పోయాయి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. పాత డిస్కు ఇమేజ్ పూర్తిగా వచ్చింది. మొదట లైసెన్సు మళ్ళీ అడిగింది కానీ, మ్యాక్ అడ్రసు పాతది పెట్టగానే ప్రోగ్రామ్ తెరుచుకుంది. ఫైళ్ళన్నీ ఒక్కొక్కటిగా, వేరే డ్రాయింగ్ ప్రోగ్రాములు కూడా తెరవగల డీఎక్స్‌ఎఫ్ ఫార్మాట్‌లోకి మారుస్తున్నాను. గీతలు, లేయర్లు సరిగానే వస్తున్నాయి, అక్షరాల ఫాంట్లు మాత్రం చెదిరిపోతున్నాయి కాబట్టి ప్రతిదానికీ పక్కన ఒక పీడీఎఫ్ కూడా తీసి పెడుతున్నాను.