24–18తో గెలిచాం సరే, ఆ స్నాప్‌లతో ప్లేఆఫ్స్‌కి వెళ్తామా?

బ్యాండ్ నాన్న

శుక్రవారం రాత్రి మన స్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ చూసినవాళ్ళు కాస్త చెప్పండి. బోర్డు మీద 24–18 ఉంది కాబట్టి గెలిచినట్టే. కానీ పార్కింగ్ దాకా నడుస్తుంటే ఒక్కరి మొహంలోనూ గెలిచిన కళ లేదు.

ముందే చెప్తున్నా, నేనేమీ ఫుట్‌బాల్ పండితుణ్ణి కాదు. మా అమ్మాయి బ్యాండ్‌లో క్లారినెట్ వాయిస్తుంది. మూడేళ్ళ కిందట హాఫ్ టైమ్ షో కోసం వచ్చి, అది అయిపోగానే కారెక్కేసేవాణ్ణి. ఇప్పుడు ఫోర్త్ డౌన్ (పది యార్డులు దాటడానికి చివరి ఛాన్స్) అంటే అందరికన్నా ముందు నేనే లేచి నిలబడుతున్నా. బ్యాండ్ మైదానం చివర, ఎండ్ జోన్ వైపు కూర్చుంటుంది కాబట్టి నా సీటూ అక్కడే. మీరంతా ఆట పక్కనుంచి చూస్తారు, నేను వెనకనుంచి చూస్తా. ప్లే మొదలుపెట్టే సెంటర్ కాళ్ళ మధ్యనుంచి బంతి వెనక్కి ఎలా వస్తోందో, అదే స్నాప్, అక్కణ్ణుంచి భలే కనపడుతుంది.

హాఫ్ టైమ్‌కి 21–3. అప్పటికే రెండు స్నాప్‌లు ఎత్తుగా వచ్చాయి. వాటిని అందుకునే మన క్వార్టర్‌బ్యాక్ పొడుగు, ఎగిరి అందుకున్నాడు, ఎవరూ పట్టించుకోలేదు. థర్డ్ క్వార్టర్ బ్యాండ్ పిల్లలకి రెస్ట్ కదా, మా అమ్మాయి నాచోస్ పట్టుకుని నా పక్కన కూర్చుంది. సరిగ్గా అప్పుడే, మన 31 యార్డ్ లైన్ దగ్గర, బంతి క్వార్టర్‌బ్యాక్ వేళ్ళకి కూడా అందకుండా తల మీదుగా పోయి 12 దగ్గర ఆగింది. వాళ్ళ కుర్రాడు దాని మీద పడ్డాడు. ఇంకో రెండు ప్లేలకి టచ్‌డౌన్ (బంతితో చివరి గీత దాటడం), 21–10.

అక్కణ్ణుంచి మన సెంటర్ ప్రతి స్నాప్‌కీ ముందు అరచేయి ప్యాంటుకి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. తుడుచుకోవడం, చెయ్యి బంతి మీద పెట్టడం, ఒక్క క్షణం ఆగడం, స్నాప్. ప్రతిసారీ అదే లయ. ఎదురుగా ఉన్నవాడికి నాలుగో ప్లేకల్లా అది తెలిసిపోయింది. మనవాళ్ళు ఇంకా లేవకముందే వాడు లోపలికి దూరిపోతున్నాడు.

ఫోర్త్ క్వార్టర్‌లో మూడు పాస్‌లు వేస్తే మూడూ నేలపాలు, ఇక పంట్ (బంతిని దూరంగా తన్ని వాళ్ళకి ఇచ్చేయడం). వాళ్ళు 80 యార్డులు వచ్చి టచ్‌డౌన్ కొట్టి, ఆ తర్వాత దొరికే బోనస్ రెండు పాయింట్లు కూడా తీసుకుని 21–18 చేశారు. ఆ తర్వాత కిక్‌ఆఫ్ రిటర్న్ పుణ్యమా అని మనకో ఫీల్డ్ గోల్ (బంతిని తన్ని తెచ్చుకునే మూడు పాయింట్లు). చివర్లో మన 9 దగ్గర ఫోర్త్ డౌన్ పాస్‌ని మన డిఫెండర్, కార్నర్, వేలి చివరతో తోసేశాడు కాబట్టి సరిపోయింది. ఇంకో ఘోరం ఏంటంటే, టైమ్ అవగొట్టడానికి మోకాలు ఆనించే ప్లేలో కూడా బంతి జారింది! క్వార్టర్‌బ్యాక్ దాని మీద బోర్లా పడ్డాడు. మా అమ్మాయి క్లారినెట్ ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

నా ప్రశ్న ఇది. ఆధిక్యంలో ఉన్నప్పుడు ఆ మూడు పాస్‌లు ఎందుకు వేసినట్టు? ఇంకో రెండు వారాల్లో డిస్ట్రిక్ట్ (మన గ్రూప్) మ్యాచ్‌లు మొదలవుతాయి, ఇదే ఆటతో నెగ్గుకొస్తామా?

పాత కాపు

1998 నుంచి టెక్సాస్‌లో ఉన్నానండీ, ఇంతకన్నా దరిద్రమైన గెలుపులు చాలా చూశాను. ముందు టెన్షన్ తగ్గించుకోండి. శుక్రవారం మ్యాచ్ నాన్-డిస్ట్రిక్ట్, అంటే మన గ్రూప్ లెక్కలోకి రాదు. 40 తేడాతో ఓడినా ప్లేఆఫ్ లెక్కలో దానికి విలువ సున్నా. మన డిస్ట్రిక్ట్‌లో 8 టీమ్‌లు, మనకి 7 మ్యాచ్‌లు, మొదటి నాలుగు టీమ్‌లు ప్లేఆఫ్స్‌కి. ఆ నాలుగింట్లో పిల్లల సంఖ్య ఎక్కువున్న రెండు స్కూళ్ళు డివిజన్ వన్‌కి, మిగతా రెండూ డివిజన్ టూకి వెళ్తాయి. నాలుగు మ్యాచ్‌లు గెలిస్తే తరచూ పని జరిగిపోతుంది. డిసెంబర్‌లో ఆర్లింగ్టన్‌లో జరిగే స్టేట్ ఫైనల్ మాట మాత్రం ఇప్పుడే ఎత్తకండి, దిష్టి తగులుతుంది.

పాస్‌ల సంగతి. వాళ్ళు ఎనిమిది మందిని లైన్ దగ్గరికి తెచ్చి నిలబెట్టారు, పరిగెత్తడానికి సందు లేదు. కోచ్ పాస్ వేయడంలో తప్పు లేదు. కానీ పాస్ అందకపోతే గడియారం ఆగిపోతుంది. నేనైతే యార్డ్ రాకపోయినా మూడుసార్లూ పరిగెత్తించేవాణ్ణి. ఎలాగూ పంటే కదా, కనీసం టైమ్ కరిగేది.

లెక్కల మాస్టారు

మీరిద్దరూ సెకండ్ హాఫ్ గురించే ఏడుస్తున్నారు. నాకు ఫస్ట్ హాఫ్ మీదే అనుమానం. మూడు టచ్‌డౌన్లలో ఒకటి వాళ్ళు తమ 15 దగ్గర జారవిడిచిన బంతి, ఇంకోటి ఇంటర్‌సెప్షన్ (వాళ్ళ పాస్‌ని మనవాడు పట్టేయడం) తర్వాత 22 నుంచి. మన ఆఫెన్స్ సొంతంగా మైదానం దాటింది ఒక్కసారే. 21–3 అన్నది వాళ్ళు వడ్డించి పెట్టిన విస్తరి.

ఇంకో సంగతి. మొదటి ఆరు వారాల గ్రేడ్లు వచ్చేస్తున్నాయి. నో పాస్ నో ప్లే అనే రూలు 1984 నుంచి ఉంది. ఒక్క సబ్జెక్టులో 70 తగ్గినా కనీసం మూడు వారాలు బెంచీనే. మన ముందు వరస లైన్‌లో ఇద్దరు ముగ్గురు అంచు మీద ఉన్నారని విన్నాను.

రైట్ గార్డ్ వాళ్ళమ్మ

మాస్టారూ, పిల్లల మార్కుల మాట ఇక్కడ ఎత్తొద్దు. వాళ్ళూ చదువుతారు ఇవన్నీ.

స్నాప్‌ల గురించి అడిగారు కాబట్టి చెప్తున్నా. అసలు సెంటర్‌కి చీలమండ బెణికింది. శుక్రవారం ఆడినవాడు టెన్త్ పిల్లాడు, మొన్నటిదాకా జేవీలో, అంటే జూనియర్ టీమ్‌లో, సెంటర్ పక్కన నిలబడే గార్డ్. మా వాడి పక్కనే ఆడాడు. కిక్‌ఆఫ్ వేళకి 95 డిగ్రీల ఫారెన్‌హీట్, మోచేతుల నుంచి చెమట ధారలు. హాఫ్ టైమ్‌లో వాడు ఒక్క ముక్క మాట్లాడలేదట, టవల్ పట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చున్నాడట. స్కూల్ ఉన్న వారంలో స్కూల్ టైమ్ కాకుండా ప్రాక్టీస్‌కి 8 గంటలే అని రూలు, అందులో ఫుల్ కాంటాక్ట్ ఒక్కో పిల్లాడికి 90 నిమిషాలు. కొత్త పొజిషన్ రాత్రికి రాత్రి ఎలా వస్తుంది?

పాత కాపు

అమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ స్నాప్ ప్రాక్టీస్‌కి కాంటాక్ట్ అక్కర్లేదు. ఒక బంతి, ఒక మనిషి చాలు. ఇంటి వెనక గడ్డిలో రోజూ ఒక వంద వేయమనండి. చెయ్యి తుడుచుకునే అలవాటు బ్యాండ్ వైపు కూర్చున్నాయనకే దొరికిపోయిందంటే, వీడియో చూసే డిస్ట్రిక్ట్ కోచ్‌లకి దొరకదా?

బ్యాండ్ నాన్న

నిన్న మంగళవారం అమ్మాయి కోసం వెళ్ళి, బ్యాండ్ రిహార్సల్ ఇంకా అవకపోతే ఫెన్స్ దగ్గర నిలబడ్డాను. ఆ పిల్లాడు ఒక మూల ఒంటరిగా ఉన్నాడు, పక్కన బకెట్ నిండా నీళ్ళు. అసిస్టెంట్ కోచ్ బంతిని ముంచి ఇస్తున్నాడు, వాడు స్నాప్ చేస్తున్నాడు. 20 లెక్కపెట్టాను, మూడు చెడ్డవి. ఒకటైతే కోచ్ టోపీ ఎగరగొట్టింది.

చెయ్యి తుడుచుకోవడం మానలేదు. కానీ ఒకసారి తుడుచుకున్న వెంటనే స్నాప్, ఇంకోసారి రెండు క్షణాలు ఆగి, మరోసారి తుడుచుకుని మళ్ళీ తుడుచుకుని. ఆ అలవాటుని ఎవరో గమనించి చెప్పారన్నమాట. నాలుగు మ్యాచ్‌లు గెలుస్తామని ఇప్పుడు అనిపిస్తోంది, ఐదని మాత్రం అనను.

రైట్ గార్డ్ వాళ్ళమ్మ

ఫెన్స్ దగ్గర అంత ఖాళీగా ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. ఈ శుక్రవారం తినుబండారాలు అమ్మే కన్సెషన్ స్టాండ్‌లో ఒక మనిషి తక్కువ. థర్డ్ క్వార్టర్‌లో మీ బ్యాండ్ పిల్లలంతా ఒక్కసారే నాచోస్ మీద పడతారు. ఆరింటికల్లా రండి, సెకండ్ హాఫ్ అక్కణ్ణుంచి కూడా సగం కనపడుతుంది.