పలక 90 డిగ్రీలకి చేరినా ఫైబర్ సెన్సర్ 31 దగ్గరే ఉంటోంది

మేలుకొలుపు:
పొద్దుటి నుంచి దీనితోనే కుస్తీ, ఆరు గంటలైంది. ఇన్‌ఫ్రారెడ్ ఫైబర్‌తో ఉష్ణోగ్రత కొలవాలి. ఫైబర్ ఒక కొన వేడి పలకకి ఎదురుగా, రెండో కొన థర్మోపైల్ సెన్సర్ (మీద పడే వేడి కిరణాలను వోల్టేజీగా మార్చేది) ముందు పెట్టాను. పలక 90కి వచ్చింది, థర్మోకపుల్‌తో (తగిలించి వేడి కొలిచే లోహపు తీగల జత) సరిచూశాను. సెన్సర్ మాత్రం 31 నుంచి కదలదు. యాంప్లిఫయర్ మార్చాను, కోడ్ రెండుసార్లు తిరగరాశాను. చివరికి ఇది రేడియో తరంగాలతో వేడిచేసే చోట పనిచేయాలి, అక్కడ లోహపు తీగ పెట్టలేను. తప్పెక్కడో చెప్పండి.

కొలిమి:
ఏ ఫైబర్?

నాలుగోమెట్టు:
ముందు పలక సంగతి చూడండి. మెరుగుపెట్టిన అల్యూమినియమైతే ఎమిసివిటీ, అంటే వేడిని కిరణాలుగా వదిలే సామర్థ్యం, 0.05 దగ్గర ఉంటుంది. అదే వేడిమీదున్న నల్లటి వస్తువు ఇచ్చేదాంట్లో 20వ వంతే అది ఇస్తుంది, మిగతాదంతా అద్దంలా గదిని చూపిస్తుంది. మెరుపులేని నల్ల రంగు వేస్తే 0.95కి వస్తుంది. మనిషి చర్మం దాదాపు 0.98, నుదుటి థర్మామీటర్ నమ్మకంగా పనిచేసేది అందుకే. అందరూ సర్క్యూట్ విప్పుతారు గానీ పలక వైపు చూడరు.

మేలుకొలుపు:
అల్యూమినియమే. నల్ల రంగు వేసి, ఆరాక చూశాను. 31.4.

పదనిస:
ఒక సవరణ. దీన్ని ఫైబర్ సెన్సర్ అనకూడదు. బ్రాగ్ గ్రేటింగ్‌లోనో (ఫైబర్ లోపల వేసిన సన్న గీతలు), రామన్ పద్ధతిలోనో (ఫైబర్‌లో చెదిరిన కాంతిని చదవడం) ఫైబరే వేడిని పసిగడుతుంది. మీ దాంట్లో అది కిరణాలను మోసుకొస్తుంది, అంతే. మీది పైరోమీటర్, అంటే తగలకుండా కిరణాలతో వేడి కొలిచేది.

నాలుగోమెట్టు:
అదేంటండీ, అంతర్గత రకం, బాహ్య రకం అని రెండూ ఫైబర్ సెన్సర్ల కిందే చెబుతారు కదా.

పదనిస:
బాహ్యం అంటే కొలత ఫైబర్ బయట జరుగుతోందనేగా! పేరు తప్పితే వెతికే చోటూ తప్పుతుంది. వీరు కోడ్‌లో వెతికారు, మీరు పలకలో వెతికారు. మోసుకొచ్చేదాన్ని ఎవరూ చూడలేదు.

కొలిమి:
నేను అడిగాను. ఏ ఫైబర్? సెన్సర్ కిటికీ ఎన్ని మైక్రాన్ల తరంగాలని లోపలికి వదులుతుంది?

మేలుకొలుపు:
మామూలు ఫైబరేనండి, ల్యాబ్‌లో ఉన్నదే. సిలికా గాజుది, మీటరున్నర. సెన్సర్ 8–14 మైక్రాన్లది. అది అంత ముఖ్యమా?

కొలిమి:
అదే ముఖ్యం. 2898ని కెల్విన్ ఉష్ణోగ్రతతో భాగించండి, వస్తువు ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎక్కువగా వికిరణం ఇస్తుందో మైక్రాన్లలో వస్తుంది (వీన్ సూత్రం). 90 డిగ్రీలంటే 363 కెల్విన్, కాబట్టి వికిరణం శిఖరం 8 మైక్రాన్ల దగ్గర. సిలికా సుమారు 2.4 దాటితే వెళ్లనివ్వదు. ఆ లోపు తరంగాల్లో మీ పలక ఇచ్చేది మొత్తంలో పదివేలలో ఒక వంతు కూడా కాదు, దాన్నీ మీ కిటికీ ఆపేస్తుంది. ఒకటి వదిలేది ఇంకొకటి తీసుకోదు. 8–14లో సిలికా దానికదే వికిరణం ఇస్తుంది కాబట్టి సెన్సర్ చూస్తున్నది ఎదురుగా ఉన్న ఫైబర్ కొన వేడినే. 31 అదే. వందల డిగ్రీల కొలిమికైతే, తక్కువ మైక్రాన్ల డిటెక్టర్‌తో సిలికా పనికొస్తుంది.

వెండిగీత:
ఇక్కడ సిల్వర్ హాలైడ్ ఫైబర్ కావాలి, 10 మైక్రాన్ల దగ్గర బాగా వెళ్తుంది. కానీ దయచేసి దాన్ని వెలుతురులో వదిలేయకండి. ఫొటో ఫిల్మ్‌లో ఉండే జాతి పదార్థమే, అతినీలలోహిత కాంతి తగిలితే నల్లబడుతుంది. ఇత్తడి కనెక్టర్‌లో బిగించకండి, లోహంతో రసాయన చర్య జరిగి కొన పాడవుతుంది. చీకటి గొట్టంలో ఉంచండి. ఇది చెప్పకుండా ఫైబర్ చేతికిచ్చేవాళ్లని చాలామందిని చూశాను.

మేలుకొలుపు:
సెన్సర్ వైపు కొనని వేళ్లతో పట్టుకున్నాను, 34కి ఎక్కింది. పలక ఆపేసినా అంతే. సరే, హాలైడ్ దొరుకుతుందేమో అడుగుతా. థాంక్స్ అండీ.

నాలుగోమెట్టు:
నల్ల రంగు చెరపకండి, అప్పుడూ కావాలి. ఇంతకీ కొనకీ పలకకీ దూరం ఎంత పెట్టారు? న్యూమరికల్ అపర్చర్ (ఫైబర్ ఎంత వెడల్పు కోణం నుంచి కిరణాలు తీసుకుంటుందో చెప్పే అంకె) 0.22 ఉన్నా 10 మిల్లీమీటర్ల దూరంలో నాలుగున్నర మిల్లీమీటర్ల వృత్తం చూస్తుంది. హాలైడ్‌ది ఇంకా వెడల్పు. మీ పలక అంత ఉందా?