అప్‌డేట్: లైనక్స్‌లో సీరియల్ నంబర్ మామూలు యూజర్‌కి కనిపించడం లేదన్న సమస్య తీరింది

సాయం చేసినవాళ్లందరికీ థాంక్స్. గుర్తులేనివాళ్ల కోసం: మాది వైజాగ్ బీచ్ రోడ్డు దగ్గర ల్యాబ్. ఉప్పుగాలికి సిస్టమ్‌ల మీది స్టిక్కర్లు చెరిగిపోయాయి. స్టాక్ రిజిస్టర్‌కి సీరియల్ నంబర్లు కావాలి. ల్యాబ్ అసిస్టెంట్ లాగిన్‌లో డీఎంఐడీకోడ్ (సిస్టమ్ హార్డ్‌వేర్ వివరాలు చూపే కమాండ్) కొడితే 'పర్మిషన్ డినైడ్' అనేది.

అది లోపం కాదు. ఈ వివరాలను లైనక్స్ కెర్నల్ (సిస్టమ్‌ని నడిపే మూల ప్రోగ్రామ్) /sys కింద చిన్న ఫైళ్లుగా చూపిస్తుంది. వాటిలో మోడల్ పేరు, బయోస్ (సిస్టమ్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్) వెర్షన్ ఎవరైనా చదవొచ్చు. సీరియల్ నంబర్, యూయూఐడీ (ఒక్కో యంత్రానికీ వేరుగా ఉండే గుర్తింపు సంఖ్య) మాత్రం ఆ యంత్రాన్నే గుర్తుపట్టించేవి కాబట్టి కెర్నల్ ఆ ఫైళ్లను 0400 పర్మిషన్‌తో, అంటే రూట్ (అడ్మిన్ ఖాతా) మాత్రమే చదివేలా, ఉంచుతుంది. నేను సీహెచ్‌మోడ్ (ఫైల్ పర్మిషన్లు మార్చే కమాండ్)తో మార్చాను, రీబూట్ కాగానే మళ్లీ మొదటికే. ఆ ఫైళ్లు డిస్క్ మీద ఉండవు మరి, బూట్ అయిన ప్రతిసారీ కెర్నలే కొత్తగా తయారుచేస్తుంది.

పనిచేసింది సుడోయర్స్ (ఎవరు ఏ కమాండ్‌ని రూట్‌గా నడపొచ్చో రాసే ఫైల్) వాడమన్న సలహా. సీరియల్ నంబర్ అడిగే ఆ ఒక్క కమాండ్‌నే ఆప్షన్లతో సహా పూర్తిగా రాసి అనుమతించాం. ఆప్షన్లు వదిలేస్తే డీఎంఐడీకోడ్ మొత్తాన్నీ రూట్‌గా నడిపే వీలిచ్చినట్టే, ఇది మాత్రం మరవొద్దు. బయోస్ అప్‌డేట్ చేస్తే తీరుతుందనుకోవద్దు, దానికీ దీనికీ సంబంధం లేదు.

అసెంబుల్డ్ సిస్టమ్‌లు కొన్నిట్లో సీరియల్ బదులు 'టు బి ఫిల్డ్ బై ఓఈఎం' (తయారీదారు నింపాలి) అని వచ్చింది. తయారీలోనే నింపలేదు. వాటికి మేమే నంబర్లు వేసి, పెయింట్‌తో రాసేశాం.